పదిహేను అంటే పదిహేను ఏంటి?

మొన్న ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరైంది, తెల్లారితే మా చిట్టికి మ్యాథ్స్ ఎఫ్‌ఏ పరీక్ష, నేనేమో గ్రైండర్లోంచి ఇడ్లీ పిండి తీస్తున్నా, అదేమో డైనింగ్ టేబుల్ మీద పుస్తకాలన్నీ పరుచుకుని "అమ్మా అయిపోయింది, వచ్చి కరెక్ట్ చెయ్యి" అని ఒకటే గోల. చేతులు కడుక్కుని వచ్చి చూశా. ఆరో క్లాసు, భిన్నాలు. వర్క్‌షీట్లో మొదటి లెక్కే 3/8, 2/5, రెంటికీ మధ్యలో చిన్న గడి, అందులో ఏది పెద్దదో గుర్తు పెట్టాలి. ఇది 3/8 పెద్దదని పెట్టేసింది. పక్కనే రెండు బాణాలు అడ్డదిడ్డంగా గీసి ఎడమ పక్క 16, కుడి పక్క 15 అని రాసుకుంది. గుణకారాలు రెండూ కరెక్టే, మూడైదులు పదిహేను, రెండెనిమిదులు పదహారు, అందులో తప్పు లేదు. రాయాల్సిన చోట్లే తారుమారయ్యాయి.

"ఇదేంటే, 15 ఇటు కదా రావాలి?"

"ఎందుకు?"

"ఎందుకేంటి, పైనున్న 3తో గుణించావు కాబట్టి 3/8 పక్కన రాయాలి."

"కింద 5తో కూడా గుణించా కదా, మరి 2/5 పక్కన ఎందుకు రాయకూడదు?"

నిజమే, ఎందుకు రాయకూడదు. స్కూల్లో సీతాకోకచిలుక పద్ధతి అని చెప్పారంట, బాణాలు రెండు రెక్కల్లా వస్తాయి, ఒక్కో రెక్క మీద ఒక్కో నంబర్ రాయాలి. ఏ రెక్క మీద ఏది రాయాలో ఇది మర్చిపోయింది. మర్చిపోయాక ఆలోచించి కనుక్కునే దారి ఏమీ లేదు దానికి, రెక్క అయితే గుర్తుండాలి లేకపోతే లేదు, అంతే. సరే అని ఇంకో వైపు నుంచి వచ్చా. "ఇంతకీ ఆ పదిహేను అంటే ఏంటో చెప్పు" అన్నా.

"పదిహేను అంటే పదిహేనే అమ్మా."

"అదే, పదిహేను ఏంటి? మామిడికాయలా, రూపాయలా?"

"అబ్బా, నంబర్ అమ్మా అది!"

ఇక్కడ నా పరిస్థితి చెప్పాలి. నేను తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. మాకు రెక్కలూ చిలకలూ లేవు, సజాతి భిన్నాలు (కింద ఒకే నంబర్ ఉన్నవి), విజాతి భిన్నాలు (కింద వేరే వేరే నంబర్లు ఉన్నవి), పైన లవం, కింద హారం, క.సా.గు. (ఇప్పుడు వీళ్లు ఎల్‌సీఎం అనేది), అన్నీ పెద్ద పెద్ద మాటలే. హారం అంటే మెళ్ళో వేసుకునేదే అనుకునేదాన్ని చాన్నాళ్లు, కిందకి వేలాడుతుంది కాబట్టి కింద రాస్తారు అని గుర్తు పెట్టుకున్నా, ఆ గుర్తు టెన్త్ దాకా పనికొచ్చింది. విజాతి భిన్నాల్ని సజాతి భిన్నాలుగా మార్చి పోల్చుము అంటే మార్చి పోల్చేదాన్ని, మార్కులు వచ్చేవి. కానీ నిజం చెప్పాలంటే ఆ పదిహేను ఏంటి అని నన్ను కూడా ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు దాన్ని అడిగేశా కానీ దానికి అర్థమయ్యేలా జవాబు నా దగ్గరా లేదు. నలభయ్యోవంతులు అని చెప్పా. మొహం ఎలా పెట్టిందంటే, ఇంకో నంబర్ ఎక్కడ్నుంచి తెచ్చావు అన్నట్టు.

సరిగ్గా అప్పుడే జనగామ నుంచి మా మామయ్య వీడియో కాల్. రోజూ తొమ్మిదిన్నరకి మనవరాలి మొహం చూడందే ఆయనకి నిద్ర పట్టదు. "ఏం జేస్తున్నవ్ బిడ్డా" అంటే ఇది లెక్కలు తాతా, రావట్లేదు, అమ్మ అర్థం కాకుండా చెప్తోంది అని నా మీద చాడీ. ఏం లెక్క అన్నాడాయన. త్రీ బై ఎయిట్ పెద్దదా టూ బై ఫైవ్ పెద్దదా అంది. ఆయనకి అర్థం కాలేదు, ఫోన్ సరిగ్గా వినపడక కాదు, ఆ బై ఏంటో తెలీక. నేను వెనకనుంచి "ఎనిమిదింట మూడు వంతులు ఎక్కువా, ఐదింట రెండు వంతులు ఎక్కువా అని మామయ్యా" అన్నా.

ఒక్క క్షణం కూడా పట్టలేదు. "ఎకరంల ఎనిమిదింట మూడొంతులంటే పదిహేను గుంటలు. ఐదింట రెండొంతులంటే పదహారు గుంటలు. గుంట ఫరక్ ఉన్నది గదా. గిందుకు గింత లొల్లెందుకు?"

నేనూ చిట్టీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. పదిహేను, పదహారు. అవే రెండు నంబర్లు, రెక్కల మీద రాసినవే. ఆంధ్రావాళ్లకోసం చెప్తున్నా, తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 121 గజాలు. ఎనిమిదో వంతు ఐదు గుంటలు, అలాంటివి మూడు. ఐదో వంతు ఎనిమిది గుంటలు, అలాంటివి రెండు. ఆయన ఎక్కడా అడ్డంగా గుణించలేదు. వాళ్ల ఊళ్లో అన్నదమ్ముల పంపకాలకి పెద్దమనిషిగా కూర్చుని కూర్చుని ఆ వంతులన్నీ ఆయనకి నోట్లో ఉంటాయి. పదిహేను ఏంటి అంటే ఆయన దగ్గర జవాబు రెడీగా ఉంది: గుంటలు. కాలు పెట్టి నడిచి చూపించగలిగినవి.

ఫోన్ పెట్టేశాక కూర్చుని గీశాం. పేజీలో అడ్డంగా ఎనిమిది గళ్లు, నిలువుగా ఐదు వరసలు. మొత్తం 40 గళ్లు, ఇది ఎకరం. నిలువు నిలువుగా ఎనిమిది పట్టీలుంటాయి కదా, అందులో మూడింటికి పెన్సిల్తో రంగేసింది, ఒక్కో పట్టీలో ఐదు గళ్లు, లెక్కపెడితే పదిహేను. పక్కన ఇంకో ఎకరం గీసి ఈసారి అడ్డంగా ఐదు పట్టీల్లో రెండింటికి రంగు, ఒక్కోదాంట్లో ఎనిమిది గళ్లు, పదహారు. మూడైదులు పదిహేను ఎక్కడ్నుంచి వచ్చిందో కనపడుతోంది ఇప్పుడు, మూడు పట్టీలు, పట్టీకి ఐదు గళ్లు. ఆ ఐదు పక్క భిన్నం దగ్గర్నుంచి అరువు తెచ్చుకున్నదే, గళ్లు రెండు బొమ్మల్లోనూ ఒకే సైజు రావాలి కాబట్టి. పదిహేను 3/8 సొత్తు, రెక్క గుర్తు లేకపోయినా పర్లేదు. "అంటే బటర్‌ఫ్లైలో నలభై దాచేశారా?" అంది. దాచేశారు నాన్నా. రెండు పక్కలా అదే నలభై కాబట్టి రాయకపోయినా నడుస్తుందని వదిలేశారు, దాంతోపాటు అర్థం కూడా పోయింది.

మర్నాడు పరీక్ష ఉన్నా సరే తెనాలికి కూడా ఫోన్ కొట్టింది ఇది, పదైంది అప్పటికి. మా నాన్నకి గుంటలు తెలీవు, ఆయనది సెంట్ల లెక్క, ఎకరానికి వంద సెంట్లు. "తాతయ్యా, ఎనిమిదింట మూడు వంతులంటే ఎన్ని సెంట్లు" అంటే ఆయన కాస్త ఆగి "పన్నెండున్నర, పాతిక, ముప్పై ఏడున్నర" అని మూడు మెట్లెక్కి చెప్పాడు. ఐదింట రెండంటే నలభై సెంట్లు, అది మాత్రం టక్కున చెప్పాడు. జవాబు అదే, 2/5 పెద్దది. తేడా ఇక్కడ రెండున్నర సెంట్లు, అక్కడ ఒక గుంట, రెండూ ఒకటే నేల. కాకపోతే సెంట్లలో సగం ముక్క వచ్చింది, గుంటల్లో రాలేదు. వందని ఎనిమిదితో భాగిస్తే సరిగ్గా తెగదు, నలభైని ఎనిమిదితోనూ ఐదుతోనూ కూడా తెగ్గొట్టొచ్చు. అయితే సెంట్లకి ఇంకో సుఖం ఉంది, ఏ భిన్నాన్నయినా అందులోకే తెచ్చి పడేస్తే మళ్లీ మళ్లీ కొత్త హారం వెతుక్కోనక్కర్లేదు, చిల్లర వస్తే వచ్చింది. పర్సెంటేజ్ అంటే అదే కదా, ప్రపంచంలో ఉన్న ప్రతిదాన్నీ వంద సెంట్ల ఎకరం చేసెయ్యడం. మా ఇంట్లో ఆ రాత్రి నుంచి గుంటల పార్టీ, సెంట్ల పార్టీ అని రెండయ్యాయి. మా ఆయన సహజంగానే గుంటల పార్టీ.

ఇదంతా అయ్యాక నాకు ఒక సంగతి తట్టింది, అసలు ఈ పోస్ట్ రాయాలనిపించింది అందుకే. మనం రోజూ వాడే కొలతలన్నీ ఎవరో ముందే కూర్చుని వేసిపెట్టిన ఉమ్మడి హారాలు. గంటకి 60 నిమిషాలు. 3/4 గంటా 5/6 గంటా ఏది ఎక్కువ అంటే నలభై ఐదు నిమిషాలు, యాభై నిమిషాలు, ఎవరూ క.సా.గు. తియ్యరు. బంగారం 24 క్యారెట్లు. 5/6 కీ 7/8 కీ పోలిక పెడితే 20 క్యారెట్లు, 21 క్యారెట్లు. మనం కొనే 22 క్యారెట్లంటే 24లో 22 భాగాలు, అంటే 11/12, దాన్ని వెయ్యికి లెక్కేస్తే 916 చిల్లర, హాల్‌మార్క్ పక్కన ఉండే 916 అదే. 18 క్యారెట్లు ముప్పావు, అందుకని 750. ఒకే నగ మీద ఒకే భిన్నం రెండు హారాల్లో రాసుంటుంది, మనం చూసీ చూడనట్టు బిల్లు కట్టి వచ్చేస్తాం.

రూపాయికి 16 అణాలుండేవి కదా, పదహారణాల తెలుగమ్మాయి అనే మాట ఇంకా ఆ లెక్కే, 16/16, ఏమీ తక్కువ లేదని. పావలా నాలుగణాలు, బేడ రెండణాలు, ముప్పావలా పన్నెండణాలు. 3/4 కీ 5/8 కీ మధ్య ఏది పెద్దదని మా అమ్మమ్మని అడిగుంటే పన్నెండణాలు, పదణాలు అని ఆకు వక్క నములుతూ చెప్పేసేది. కానీ 2/5 అడిగితే అణాల్లో తేలదు, 16ని ఐదుతో భాగించలేం. మూడో వంతు కూడా అణాల్లో రాదు కానీ కింద పాత పైసలు (ఇంగ్లీష్‌లో pie అనేవాళ్లు) ఉన్నాయి, అణాకి పన్నెండు పైసలు, రూపాయికి మొత్తం 192, కాబట్టి మూడో వంతు అంటే ఐదణాల నాలుగు పైసలు, సరిగ్గా తెగుతుంది. ఆ పైసలు వేరు, 1957 ఏప్రిల్ 1న వంద లెక్కన వచ్చిన నయాపైసలు వేరు. నయాపైసల్లో మూడో వంతు తెగదు, 33 వచ్చి ఒకటి మిగిలిపోతుంది. పాతవాళ్లకి కొత్త లెక్క చిరాకెత్తడంలో కాస్తంత న్యాయం ఉంది. ఇప్పుడైతే పావలా కూడా లేదు, 2011 జూన్ 30 నుంచి చెల్లదన్నారు, మా చిట్టి పావలా అనే బిళ్లని చూళ్లేదు, పావు అనే మాట దానికి పావు కిలో దగ్గరే తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే తెలుగులో భిన్నాలకి విడిగా అంకెలే ఉండేవి. నాలుగేసి వంతులుగా తెగుతూ పోతాయి, పావు, పావులో పావు అంటే వీసం, దాన్లో మళ్లీ పావు, అలాగ. పావులకి నిలువు గీతలు, వీసాలకి అడ్డ గీతలు. యూనికోడ్‌లో 2008లో వాటిని కూడా చేర్చారు, ౹ ౺ ౻ అంటే పావు, అర, ముప్పావు, ౼ అంటే వీసం (మీ ఫోన్లో డబ్బాలు కనపడితే నన్ను తిట్టుకోకండి). వీసమెత్తు తేడా లేదు అంటాం చూడండి, ఆ వీసం పదహారో వంతు. ఆ పద్ధతిలో రాస్తే ఏది పెద్దదో తేల్చడం చాలా సులువు, ముందు పావులు చూస్తావు, అవి సమానమైతే వీసాలు చూస్తావు, అంతే, దశాంశాల్లాగే. 3/8 అంటే పావు మీద రెండు వీసాలు. అందులోనూ ఐదో వంతుకి చోటు లేదు. ఏ కొలతకైనా ఎక్కడో ఓ చోట తెగని వంతు ఉంటుంది.

అక్కడే మా చిట్టి నన్ను పట్టుకుంది. "సరే, 5/7, 7/10. దీనికి ఏం వాడాలి?" ఏడుకి ఏ కొలతా లేదు. గంటలో ఏడో వంతు తెగదు, ఎకరంలో తెగదు, బంగారంలో తెగదు, వారంలో తెగుతుంది కానీ అక్కడ పదో వంతు తెగదు. అప్పుడు మన గుంట మనమే కొలుచుకోవాలి. ఏడుతోనూ పదితోనూ తెగే చిన్న నంబరు 70, కాబట్టి ఈ ఎకరానికి 70 గుంటలు అనుకో. 5/7 కి యాభై గుంటలు, 7/10 కి నలభై తొమ్మిది. ఒక్క గుంటలో తప్పిపోయింది. "అంటే ఎల్‌సీఎం అంటే గుంట సైజు కనుక్కోవడమా?" అంది. నేను హైస్కూల్లో ఐదేళ్లు క.సా.గు. చేశాను, ఈ ఒక్క వాక్యం ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది అనిపించింది, సరే ఇప్పుడు నా కూతురు చెప్పింది. ఈ పద్ధతేమీ కొత్తది కాదు లెండి, క.సా.గు.తో భిన్నాల్ని ఒకే హారం కిందకి తేవడం 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడనే గణిత పండితుడే రాశాడు, దానికి నిరుద్ధం అని పేరు పెట్టాడు. ఆయన పుస్తకాన్ని తర్వాత తెలుగు పద్యాల్లోకి తెచ్చినాయన పావులూరి మల్లన. భిన్నాలున్న లెక్కల పుస్తకం తెచ్చినాయన ఇంటిపేరులోనే పావు ఉంది, అది మాత్రం నాకు భలే నచ్చింది.

ఇంకో లెక్క మీద మాత్రం అరగంట పట్టింది, 3/4, 5/6. ఇది సమానం అని పెట్టింది. ఎందుకే అంటే "నాలుగులో మూడు, ఒకటి తక్కువ. ఆరులో ఐదు, ఇక్కడా ఒకటే తక్కువ. రెండూ సేమ్" అంది. చాలామంది పిల్లలు ఇక్కడే పడతారు, నేను పక్క ఫ్లాట్ అబ్బాయికి చెప్పినప్పుడు వాడూ ఇదే అన్నాడు. తీసి పారెయ్యాల్సిన ఆలోచన కాదు ఇది, సగం దారి వచ్చి ఆగిపోయింది అంతే. ఒకటి తక్కువే, కానీ ఏ ఒకటి? అక్కడ తక్కువైంది పావు, ఇక్కడ తక్కువైంది ఆరో వంతు. మనం టైమ్ చెప్పేటప్పుడు పావు తక్కువ ఎనిమిది అంటాం కదా, గడియారం తీసి అది చూపించా, పావు తక్కువ ఎనిమిది అంటే ఇంకా పదిహేను నిమిషాలుంది, ఆరో వంతు తక్కువ ఎనిమిది అంటే పది నిమిషాలే ఉంది. స్కూల్ బస్ ఎనిమిదింటికి. ఏ టైమ్ ఎనిమిదికి దగ్గర? "ఆరో వంతుది" అంది, బస్ సంగతి వచ్చేసరికి బుర్ర బానే పనిచేసింది. తక్కువైన ముక్క ఎక్కడ చిన్నదైతే ఆ భిన్నం పెద్దది. ఆ తర్వాత 7/8, 8/9 ఇస్తే పెన్సిల్ ముట్టుకోకుండా చెప్పింది.

పెన్సిల్ ముట్టుకోకుండా చెప్పగలిగేవి ఇంకా ఉన్నాయి. 3/7, 3/11 అంటే ముక్కలు మూడే, పదకొండు మందికి పంచిన ముక్క చిన్నది. 4/9, 5/8 అంటే ఒకటి సగానికి లోపల, ఇంకోటి సగం దాటింది, తొమ్మిదిలో సగం నాలుగున్నర కాబట్టి 4/9 ఇంకా రాలేదు. వీటికి కూడా రెక్కలు గీయించి ముప్పై రెండు, నలభై ఐదు అని రాయించడం ఎందుకో నాకర్థం కాదు. అడిగితే స్టెప్పులకి మార్కులుంటాయి మేడమ్ అంటారు. బుర్రలో ఒక్క అడుగులో తేలిపోయేదానికి పేపర్ మీద నాలుగు మెట్లు కట్టిస్తారు. సరే నా గొడవ ఎందుకు లెండి.

కానీ ఇంకో గొడవ ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఈ బై. త్రీ బై ఎయిట్ అన్నప్పుడు పిల్లకి రెండు నంబర్లు వినపడతాయి, మూడు, ఎనిమిది. అందుకే వన్ బై ఎయిట్ వన్ బై ఫైవ్ కన్నా పెద్దదనేది ఇది నాలుగో క్లాసులో, ఎనిమిది ఐదు కన్నా పెద్దది కదా మరి. అదే ఎనిమిదో వంతు కావాలా ఐదో వంతు కావాలా అని తెలుగులో అడిగితే ఒకసారి కూడా తప్పు చెప్పలేదు, దీనికి లెక్కలు రాకముందు నుంచీ వచ్చు అది, కేకు దగ్గర ఎంతమంది ఉన్నారో తలలు లెక్కపెట్టుకునేది. మన మాటలో ముందు ఎంతమందో చెప్తాం, తర్వాత ఎన్ని వంతులో. ఎనిమిదింట మూడు. ముందు ఎకరాన్ని ఎనిమిది చేశావు, తర్వాత మూడు తీసుకున్నావు, చేసే పని ఏ వరసలో ఉందో మాట కూడా ఆ వరసలోనే ఉంది. ఇంగ్లీష్ మీడియం వద్దు అనట్లేదు, ఫీజు కట్టేది నేనే. ఇంట్లో మాత్రం ఈ ఒక్క చాప్టర్‌కి బై అనొద్దు అని రూల్ పెట్టా. నాలుగు రోజులు అలవాటు పడలేదు, ఐదో రోజు మా ఆయన్ని సరిదిద్దింది. ఆయన క్రికెట్ చూస్తూ 4.3 ఓవర్లు అంటే నాలుగు పాయింట్ మూడు కాదు నాన్నా, ఆరింట మూడు, నాలుగున్నర ఓవర్లు అని.

కూడికల దగ్గర కూడా ఈ పోలిక పనికొచ్చింది. 1/2, 1/3 కలిపితే 2/5 అని రాసింది ఒకసారి, పైవి పైవి, కిందవి కిందవి. తప్పు అని ఎర్ర పెన్ను పెట్టకుండా 2/5 పెద్దదా 1/2 పెద్దదా అని అడిగా. ఇరవై గుంటలు, పదహారు గుంటలు, సగమే పెద్దది అంది. అంటే అర ఎకరానికి మూడో వంతు ఎకరం కలిపితే అర ఎకరం కన్నా తగ్గిపోయిందా? కాసేపు చూసి తనే కొట్టేసింది. కానీ వెంటనే "మరి మార్కులు అలాగే కలుపుతారు కదా, 20కి 15, 25కి 18, మొత్తం 45కి 33" అని లా పాయింట్ లాగింది. అవును, అక్కడ అలాగే కలపాలి. ఎందుకంటే అక్కడ పేపర్లే రెండు, మొత్తం కూడా పెరుగుతోంది. అలా కలిపినప్పుడు వచ్చేది రెంటికీ మధ్యలో పడుతుంది, 15/20 అంటే నూటికి 75, 18/25 అంటే 72, 33/45 అంటే 73 చిల్లర. ఎకరం ఒకటే అయినప్పుడు అలా కుదరదు. ఇది దానికి పూర్తిగా ఎక్కిందని చెప్పను, నాకే సరిగ్గా చెప్పడం రాలేదు.

ఎకరం ఒకటే అన్నాను కదా, దాని మీద మామయ్య మాట ఒకటుంది. మర్నాడు మళ్లీ ఫోన్ చేసి "నిన్నటి లెక్క తేలిందా బిడ్డా" అన్నాడు. తేలింది తాతా, పదహారు గుంటలే ఎక్కువ అంది ఇది గర్వంగా. ఆయన నవ్వి "ఎక్కువనే. కని పదిహేను గుంటలు బాయి దిక్కు ఉండి, పదహారు గుంటలు గుట్ట దిక్కు ఉంటే? నేనైతే పదిహేనే తీసుకుంట" అన్నాడు. చిట్టి "తాతా, క్వశ్చన్లో బావి లేదు!" అని అరిచింది. ఆయన దానికి "బాయి లేని భూమి ఏం జేసుకుంటరు" అన్నాడు. ఇద్దరిదీ కరెక్టే అని నేను మధ్యలో దూరలేదు. రెండు భిన్నాల్ని పోల్చాలంటే రెండూ ఒకే ఎకరంలోవి, ఒకే రకం నేల అని మనసులో అనుకుంటాం, ఆ అనుకునే సంగతి పుస్తకంలో పైకి చెప్పడం నేనైతే చూళ్లేదు. నా చిన్న దోశలో సగం కన్నా నీ పెద్ద దోశలో మూడో వంతు ఎక్కువుండొచ్చు అని అది వాళ్ల నాన్నతో ఇప్పటికీ గొడవ పడుతుంది ప్లేట్ దగ్గర.

శుక్రవారం పేపర్లు ఇచ్చారు. ఇరవైకి పంతొమ్మిదిన్నర. ఆ అర ఎక్కడ పోయిందా అని చూస్తే 3/8, 2/5 లాంటి లెక్కే ఒకటి వచ్చింది, 5/8, 3/5. జవాబు కరెక్టే, 5/8 పెద్దదని పెట్టింది. కాకపోతే పక్కన రెక్కలు గీయాల్సిన చోట "25 గుం., 24 గుం." అని రాసింది. దాని చుట్టూ ఎర్ర సున్నా, పక్కన పెద్ద క్వశ్చన్ మార్క్. నాకు నవ్వాలో కోపగించుకోవాలో తెలీలేదు, అది మాత్రం పెద్దగా పట్టించుకోలేదు, బ్యాగ్ పడేసి ఫోన్ తీసుకుని జనగామకి చేసింది.

"ఎన్ని మార్కులొచ్చినయ్ బిడ్డా?"

ఇది గోడ వైపు చూస్తూ ఏదో లెక్కేసుకుంది. ఇరవైలో అర, అంటే నలభైలో ఒకటి.

"ఒక్క గుంట పోయింది తాతా."